ఏ2 3.4 వస్తే ‘నార్మల్’ కాదు

సంపాదకులకు,

వంశపారంపర్య రక్తవ్యాధి అయిన తలసీమియా పరీక్షలో హిమోగ్లోబిన్ ఏ2 (హిమోగ్లోబిన్‌లో ఒక రకం) 4 శాతం దాటితే క్యారియర్ (తనకు జబ్బు లేకున్నా ఆ జన్యులోపాన్ని పిల్లలకు అందించగల వ్యక్తి) అని తేల్చడం సులువే. చిక్కంతా 3.2–3.9 మధ్య వచ్చినప్పుడే. కొన్ని ల్యాబులు 3.5 దగ్గర గీత గీసి, 3.4 ఉంటే ‘నార్మల్’ అని రాసేస్తున్నాయి. ఐరన్ లోపం ఏ2ని కిందికి లాగుతుంది. మన గర్భిణుల్లో అదెంత మామూలో చెప్పక్కర్లేదు. ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వను తెలిపే పరీక్ష) చూసి, తక్కువుంటే ఐరన్ ఇచ్చి, రెండు మూడు నెలలకు మళ్లీ ఏ2ని కొలిచే హెచ్‌పీఎల్‌సీ చేయాలి. గర్భిణికి అంత వ్యవధి ఉండదు కాబట్టి భర్తకు వెంటనే పరీక్ష చేయించాలి. ఆయన క్యారియరైతే ఆమెకు బీటా గ్లోబిన్ జన్యుపరీక్ష తప్పదు. ఆ జన్యువులో వచ్చే క్యాప్ ప్లస్ వన్ లాంటి మ్యుటేషన్లలో (మార్పుల్లో) ఎంసీవీ (ఎర్రకణాల సగటు పరిమాణం) కూడా దాదాపు మామూలుగానే ఉంటుంది, సీబీసీకి (రక్తకణాలను లెక్కించే మామూలు పరీక్షకు) దొరకదు. ‘బోర్డర్‌లైన్, భాగస్వామికి పరీక్ష అవసరం’ అని రిపోర్టులో ఒక్క వాక్యం చేర్చడానికి ల్యాబుకయ్యే ఖర్చేమీ లేదు.

– రక్తపరీక్షల నిపుణులు, హైదరాబాద్