రేపు రండి అనడానికేనా పోక్సో?

అయ్యా,

నాలుగైదు రోజుల కిందట మీ జిల్లా పేజీలో వచ్చిన, లైంగిక నేరంపై ఫిర్యాదుకు స్టేషన్‌కు వెళ్లిన పాప వార్త చదివి ఊరుకోలేక రాస్తున్నాను. సాయంత్రం దాకా స్టేషన్ బయట కూర్చోబెట్టి ‘ఎస్సై గారు బందోబస్తుకు వెళ్లారు, రేపు రండి’ అన్నారని మీరే వేశారు. మర్నాడు పెద్ద సార్లు ‘విచారణకు ఆదేశించాం’ అన్నారు. దేని మీదండీ విచారణ? పిల్లలపై లైంగిక నేరాలకు పెట్టిన పోక్సో చట్టం 19వ సెక్షన్ ఒకసారి చదివితే సరిపోయేది. చెప్పింది రాసుకోవాలి, నంబరు వేయాలి, చదివి వినిపించాలి, 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితికీ ప్రత్యేక కోర్టుకీ తెలపాలి. ఎస్సై వచ్చేదాకా ఆగమని అందులో ఎక్కడా లేదు. ‘మా లిమిట్స్ కాదు’ అనడమూ కుదరదు. ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా కట్టే జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి, ఆ ఊరి స్టేషన్‌కు పంపుకోవాల్సింది వాళ్లే.

ఆస్పత్రుల సంగతి ఇంకా అన్యాయం. పోలీసు లెటర్ తెస్తేనే చూస్తామంటారు. 27వ సెక్షన్ ప్రకారం కేసు కట్టకపోయినా పరీక్ష చేయాలి. ఆడపిల్లయితే లేడీ డాక్టరే చేయాలి, పక్కన తల్లో తండ్రో, పిల్ల నమ్మే మరో మనిషో ఉండాలి. అత్యవసర వైద్యానికి ముందు ఏ కాగితమూ అడగొద్దని 2020 పోక్సో రూల్స్‌లో విడిగా రాసి మరీ పెట్టారు. ఇక్కడికీ అక్కడికీ తిప్పడంలో పోయేది ఆధారమే. ఈలోగా ఇంట్లోవాళ్లు పిల్లకు స్నానం చేయిస్తారు, బట్టలు ఉతికేస్తారు. జాగ్రత్తపరులైతే ప్లాస్టిక్ కవర్లో చుట్టి దాస్తారు, అవి చెమ్మకు బూజు పట్టి ల్యాబుకు పనికిరాకుండా పోతాయి. ఉతక్కుండా నీడన ఆరనిచ్చి కాగితం కవర్లో పెట్టమని మొదటిరోజే ఒక కానిస్టేబుల్ చెప్తే చాలు. చెప్పరు. కోర్టులో సాక్ష్యం నిలబడలేదని మాత్రం తర్వాత అందరూ చెప్తారు.

వాంగ్మూలం పిల్ల ఇంట్లోనో, తనకు నచ్చిన చోటో, వీలైనంత వరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా తీసుకోవాలి. జరిగేదేమో రైటర్ టేబుల్ ముందు, నలుగురు వింటుండగా ‘మళ్లీ చెప్పమ్మా’. ఆపైన ‘పరువు పోతుంది, పెద్దమనుషుల్లో తేల్చుకోండి’ అన్న ఉచిత సలహా ఒకటి. స్కూళ్లలో విషయం తొక్కిపెట్టే యాజమాన్యాలకు 21వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు ఉంది. ఆ సెక్షన్ ఎవరి మీద పెట్టారో ఎప్పుడైనా చెప్పారా? నవంబర్ 14 వస్తే మాత్రం అదే పిల్లల చేతికి ప్లకార్డులిచ్చి ఎండలో ర్యాలీ తీయిస్తారు, ఫొటోలకు అధికారులు ముందుంటారు.

మీకూ ఒక మాట. పాప పేరు వేయలేదు, సంతోషం. ఊరు, తరగతి, తండ్రి చేసే పని అన్నీ వేశారు. ఇక గుర్తుపట్టడానికి మిగిలిందేమిటి? 23వ సెక్షన్ పత్రికలకే కదా రాసింది! ఇలాంటి వార్త పక్కన అధికారుల ఫొటో బదులు ఈ రెండు ముక్కలు వేయండి: స్టేషన్‌లో తీసుకోకపోతే అదే ఫిర్యాదు ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపాలి, రసీదు దాచుకోవాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి.

– ఇద్దరు పిల్లల తల్లి