మ్యూనిక్ వెళ్తున్న మిత్రుడికి వంట గురించి ఒక ఉత్తరం

హైదరాబాద్

ప్రియమైన మిత్రమా,

మొన్న ఫోనులో వీసా, అద్దె ఇల్లు, చలికోటు అంటూ వరుసగా అన్నీ అడిగి, ఇక పెట్టేసే ముందు "అక్కడ తిండి మాటేమిటి?" అన్నావు. నాకు మాత్రం అన్నిటికన్నా పెద్ద ప్రశ్న అదే అనిపించింది, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. మ్యూనిక్‌లో కొన్నేళ్ళు ఉండి, సెలవులు దొరికినప్పుడల్లా చుట్టుపక్కల దేశాలు తిరిగి, వెళ్ళిన ప్రతిచోటా ఏదో ఒక పూట సొంతంగా వండుకున్నవాణ్ని కనుక ఈ ఒక్క విషయంలో నా మాట నమ్మవచ్చు. ఇక్కడి వంటిల్లు మొత్తాన్ని పెట్టెల్లో కుక్కి మోసుకువెళ్ళాల్సిన పని లేదు. పప్పు ఉడికించడం, పోపు పెట్టడం, పెరుగు తోడువేయడం, ఈ మూడు పనులు చేతికి వస్తే చాలు, మిగిలినదంతా అక్కడి దుకాణాలే చూసుకుంటాయి. నీకు వంట రాదని మీ అమ్మగారు బెంగపడుతున్నారని చెప్పావు కదా, ఈ ఉత్తరం ఆవిడకు కూడా చదివి వినిపించు.

ముందుగా పప్పు సంగతి. కందిపప్పు అక్కడి ఇండియన్ షాపుల్లో దొరుకుతుంది కాని, ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చిన సాయంత్రాల్లో నిన్ను ఆదుకునేది మసూర్ పప్పే. ఏ సూపర్ మార్కెట్‌లోనైనా దాన్ని 'రోటె లిన్జెన్' అనే పేరుతో పొట్లాల్లో అమ్ముతారు. పొట్టు తీసిన చిన్న గింజ కనుక నానబెట్టనక్కరలేదు, కుక్కర్ అవసరం లేదు, మామూలు గిన్నెలో పావుగంట, ఇరవై నిమిషాల్లో మెత్తబడిపోతుంది. కందిపప్పుకు అంత సులువు కుదరదు. మ్యూనిక్ కుళాయి నీళ్ళు కఠిన జలం, వాటిలోని కాల్షియం, మెగ్నీషియం గింజలోని పెక్టిన్ అనే జిగురు పదార్థాన్ని గట్టిపరచడం వల్ల, కుక్కర్ లేనప్పుడు ఎంతసేపు ఉడికించినా అది బద్దలు బద్దలుగానే మిగిలిపోతుంది. రాత్రే నానబెట్టి, ఉడికేటప్పుడు చిటికెడు వంటసోడా వేస్తే మెత్తబడుతుంది. చింతపండు, టమాటా వంటి పులుపులు కూడా గింజను మెత్తబడనివ్వవు కనుక, పప్పు పూర్తిగా ఉడికిన తరువాతే వాటిని కలపాలి. ఈ వరుస మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్నదే, అక్కడి నీళ్ళతో వండేటప్పుడు దాని విలువ మరింత బాగా తెలుస్తుంది.

కుక్కర్ మాత్రం ఇక్కడినుంచి తీసుకువెళ్ళు. మామూలు గిన్నెలో నీళ్ళు వంద డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి, కుక్కర్‌లోని ఒత్తిడికి దాదాపు నూట ఇరవై దాకా వెళ్తాయి, అక్కడి కఠిన జలంతో వండడానికి ఆ ఇరవై డిగ్రీల తేడా చాలా అవసరం. అయితే అక్కడి ఇళ్ళలో గ్యాసు పొయ్యి అరుదు, ఎక్కువగా గాజు పలక ఉన్న కరెంటు పొయ్యిలూ, ఇండక్షన్ పొయ్యిలూ ఉంటాయి. మామూలు అల్యూమినియం కుక్కర్ ఇండక్షన్ మీద పనిచేయదు. అడుగున అయస్కాంతం గట్టిగా అంటుకుంటేనే అది పనికివస్తుంది. గాజు పలక పొయ్యి ఆపిన తరువాత కూడా కొన్ని నిమిషాలు వేడిగానే ఉంటుంది కనుక, అన్నం దించాల్సిన సమయానికి కాస్త ముందే స్విచ్ ఆపేయడం అలవాటు చేసుకో. మిక్సీ విషయంలో చింత లేదు, జర్మనీలో కూడా మనలాగే 230 వోల్టులే కనుక ప్లగ్గుకు ఒక అడాప్టర్ ఉంటే సరిపోతుంది. అమెరికాలోని 120 వోల్టుల చిక్కు నీకు లేదు.

పోపు గురించి ఒక ముఖ్యమైన జాగ్రత్త చెప్పాలి. జర్మనీ ఇళ్ళలో పడకగదులకూ, బయటికి దారి ఉన్న నడవకూ పొగను పసిగట్టే అలారం తప్పనిసరి. వంటింటి తలుపు తెరిచి ఎండుమిరపకాయలు నూనెలో వేస్తే ఆ ఘాటు నేరుగా నడవలోకి వెళ్తుంది. అందుచేత ముందు తలుపు మూసి, కిటికీ తెరిచి, ఆ తరువాతే నూనె పెట్టు. ఆవాల సంగతి కూడా గుర్తుంచుకో. అక్కడి మామూలు దుకాణాల్లో దొరికేవి లావుపాటి పసుపు ఆవాలు, వాటి ఘాటు తక్కువ, మనవంత పోపు వాసన రాదు. చిన్న నల్ల ఆవాలు ఇండియన్ షాపులో కొనుక్కో, లేదా ఒక పొట్లం ఇక్కడినుంచే పట్టుకెళ్ళు. అలాగే 'పాప్రికా' అని రాసిన ఎర్రటి పొడిని చూసి కారం అనుకోవద్దు, తీపి రకమైతే అది రంగు ఇస్తుంది తప్ప నాలుకకు ఏమీ తెలియదు.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటికి వస్తాను. ప్రధాన రైల్వే స్టేషన్‌కు దక్షిణం వైపున్న వీధుల్లో టర్కీ వాళ్ళ దుకాణాలు బారులు తీరి ఉంటాయి. 1961లో పశ్చిమ జర్మనీ టర్కీతో ఒప్పందం చేసుకుని కార్మికులను రప్పించుకుంది, వాళ్ళు అక్కడే స్థిరపడడంతో వాళ్ళ కూరగాయలూ, పప్పులూ, పెరుగూ కూడా ఆ ఊరివైపోయాయి. మన కొత్తిమీర ఒక చిన్న కుండీలో నాలుగు రెమ్మలుగా సూపర్ మార్కెట్‌లో దొరికితే, అక్కడ పెద్ద కట్టగా దొరుకుతుంది. బెండకాయలు, లేత వంకాయలు, పచ్చిమిరపకాయలు, శనగలు, నువ్వులు, అన్నీ ఉంటాయి. అక్కడే బుల్గుర్ కొనుక్కో. గోధుమలను ముందే ఉడికించి, ఎండబెట్టి, పగలగొట్టిన నూక అది, ఉల్లిగడ్డ, పచ్చిమిరప, అల్లం వేసి పోపులో తిప్పితే మన గోధుమరవ్వ ఉప్మాకు ఏమాత్రం తీసిపోదు.

నేను సరుకులు కొనే దుకాణంలో ఒక పెద్దాయన ఉండేవారు. నేను ఎప్పుడూ మసూర్ పప్పే కొనడం చూసి, ఒక రోజు దాన్ని ఎలా వండుతావని అడిగారు. పోపు గురించి చెప్పగానే ఆయన ముఖం విప్పారింది. వాళ్ళ ఇంట్లో కూడా అదే పప్పుతో సూపు కాచి, చిన్న గిన్నెలో వెన్న కరిగించి, అందులో ఎండు పుదీనా, మిరప పొడి వేసి, అది బుసబుసమని పొంగగానే సూపు మీద పోస్తారట. ఆ సాయంత్రమే ఇంటికి వెళ్ళి ఆయన చెప్పినట్టు చేశాను, చివర్లో నిమ్మకాయ పిండుకుని తాగితే ఒళ్ళంతా వెచ్చబడింది. చలికాలంలో జ్వరం తగిలినప్పుడల్లా నాకు అదే పథ్యం. నువ్వు కూడా ఆ సూపు నేర్చుకో.

పులుపు విషయానికి వస్తే, చింతపండు థాయ్ దుకాణాల్లో దొరుకుతుంది. కాని వసంతం రాగానే అక్కడ రూబార్బ్ అనే కాడలు వస్తాయి, వాటిని మాత్రం వదులుకోవద్దు. చూడడానికి ఎర్రటి తోటకూర కాడలా ఉంటుంది, పైన పీచు తీసి అంగుళం ముక్కలుగా కోసి ఉడికిన పప్పులో వేస్తే రెండు మూడు నిమిషాల్లోనే కరిగి దారాలు దారాలుగా కలిసిపోతుంది. జర్మన్లు దాన్ని పంచదారతో కలిపి కేకుల్లో వాడతారు. గోంగూరకు అది సరిసమానమని నేను అనను, గోంగూర రుచిలోని ఆ జిగి దీనికి లేదు. అయినా వెల్లుల్లి, ఎండుమిరప పోపుతో వేడన్నంలోకి అంత మంచి పుల్లటి పప్పు ఆ దేశంలో మరొకటి నాకు కనబడలేదు. కాడలు మాత్రమే తినాలి, ఆకుల్లో ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువగా ఉంటుంది, అవి విషం, అక్కడికక్కడే తీసి పారేయాలి. జూన్ 24 తరువాత ఆ కాడలు కోయకూడదని వాళ్ళకు ఒక ఆనవాయితీ ఉంది కనుక, అంతలోపే కాసిన్ని ముక్కలు కోసి ఫ్రీజర్‌లో దాచుకో.

మా భవనంలో కింది అంతస్తులో ఉండే ఒక పెద్దావిడ తన తోటలోని రూబార్బ్ కట్ట తెచ్చి ఇచ్చారు. గిన్నె నిండా పప్పు చేసి పట్టుకెళ్తే, అన్నం లేకుండా రొట్టెతోనే తిని, తరువాతి వారం నేరుగా మా వంటింటికే వచ్చి పొయ్యి పక్కన నిలబడ్డారు. ఆవాలు చిటపటలాడడం మొదలవగానే ఒక అడుగు వెనక్కి వేసి, అవి ఆగేదాకా చూసి, ఆ తరువాత కరివేపాకు ఒక రెమ్మ అడిగి తీసుకుని అరచేతిలో నలిపి వాసన చూశారు. ఆమెకు ఇంగ్లీషు అంతగా రాదు, నా జర్మన్ అప్పటికి ఇంకా పాఠాల్లోనే ఉంది. ఆ తరువాత మాత్రం మా రెండు ఇళ్ళ మధ్య గిన్నెలు ఎప్పుడూ ఖాళీగా తిరిగి రాలేదు.

నెయ్యి ఇక్కడినుంచి తీసుకువెళ్ళకు. ఐరోపా సమాఖ్యలోకి బయటి దేశాల నుంచి వచ్చే ప్రయాణికులు మాంసం గాని, పాల పదార్థాలు గాని తీసుకురాకూడదు, నెయ్యి, కోవా మిఠాయిలు కూడా ఆ నిషేధంలోకే వస్తాయి. అక్కడ ఉప్పులేని వెన్న 250 గ్రాముల పొట్లాల్లో దొరుకుతుంది. వాటిలో 'జవర్‌రామ్' అని రాసి ఉన్నది పులిసిన మీగడ నుంచి తీసినది, మన ఇంట్లో పెరుగు చిలికి తీసిన వెన్నకు దగ్గరగా ఉంటుంది. దాన్ని సన్నటి సెగ మీద కాచి, అడుగున మడ్డి బంగారు రంగుకు రాగానే దించి వడకడితే, రెండు వందల గ్రాముల దాకా మంచి వాసన వచ్చే నెయ్యి తయారవుతుంది. పెరుగుకు కూడా అంతే సులువైన మార్గముంది. 3.5 శాతం కొవ్వున్న సాదా పెరుగు డబ్బా ఒకటి తోడుకు కొని, పాలు కాచి, వేలు పెడితే ఓర్చుకోగలిగినంత గోరువెచ్చగా, అంటే నలభై రెండు డిగ్రీల ప్రాంతంలో ఉన్నప్పుడు ఒక చెంచా కలిపి, దీపం మాత్రమే వెలిగించిన ఓవెన్‌లో రాత్రంతా ఉంచు. ఓవెన్ వేడిని పెట్టవద్దు, ఆ బల్బు వెచ్చదనమే చాలు. ఇడ్లీపిండి పులియడానికి కూడా జనవరి చలిలో అదే చోటు.

ప్రయాణాల్లో వంట మరో తరహా ఆనందం. యువతీయువకులు తక్కువ ఖర్చుతో ఊళ్ళు చూడాలని జర్మనీలోనే, ఆల్టెనా కోటలో, 1912లో మొదటి శాశ్వత యూత్ హాస్టల్ తెరిచారు. ఇప్పటి హాస్టళ్ళలో చాలావాటికి అందరూ వాడుకునే వంటిల్లు ఉంటుంది, వెళ్ళేవాళ్ళు వదిలేసిన ఉప్పు, నూనె, పాస్తా ఒక అరలో పెట్టి ఉంటాయి. అలాంటి చోట నాకు ఎప్పుడూ అక్కరకు వచ్చింది మన పచ్చిపులుసు. చింతపండు వేడినీళ్ళలో నానబెట్టి పిసికి, ఉల్లిగడ్డ, పచ్చిమిరప సన్నగా తరిగి, ఉప్పు, కాస్త బెల్లం, ఇంటినుంచి తెచ్చుకున్న నువ్వులపొడి కలిపితే పొయ్యి వరసలో నీ వంతు వచ్చేలోపే సగం భోజనం సిద్ధమవుతుంది. వండడానికి ఏ వసతీ లేని చోటికైతే, రవ్వను పోపుతో సహా ఇంట్లోనే బాగా వేయించి డబ్బాలో పోసుకో, కెటిల్‌లో మరిగిన నీళ్ళు పోసి మూతపెడితే ఉప్మా అవుతుంది. ఆల్ప్స్ పర్వతాల్లోని సొంతంగా వండుకునే గుడిసెలకు వెళ్ళినప్పుడు మాత్రం శనగల జోలికి పోవద్దు. రెండు వేల మీటర్ల ఎత్తున నీళ్ళు తొంభై మూడు డిగ్రీలకే మరుగుతాయి, కట్టెలన్నీ అయిపోయినా శనగలు ఉడకవు. అక్కడ కూడా మసూర్ పప్పే దిక్కు.

ఇంకొక్క మాట. ఆదివారం అక్కడ దుకాణాలన్నీ మూసి ఉంటాయి, స్టేషన్లలోని కొన్నిటిని మినహాయిస్తే పాలపొట్లం కూడా దొరకదు. మన దగ్గర రాత్రి పదింటికి కూడా కొత్తిమీర తెచ్చుకోవచ్చు కనుక ఈ పద్ధతి మొదట్లో ఇబ్బందిగానే ఉంటుంది. శనివారం మధ్యాహ్నానికే సరుకులు తెచ్చి పెట్టుకో.

పెట్టెలో పెట్టుకోవలసినవి చాలా కొద్ది: కారం, ఇంగువ, ఆవకాయ, కరివేపాకు పొడి, నువ్వులపొడి, ఇంకా ఆ కుక్కర్, దానికి రెండు అదనపు గాస్కెట్లు. పచ్చి కరివేపాకు మాత్రం వద్దు, మొక్కల ఆకులకు ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా లోపలికి రానివ్వరు. ఆవకాయ సీసాను రెండు కవర్లలో చుట్టి, బట్టల పెట్టెలో కాకుండా కుక్కర్ లోపల పెట్టు, నూనె కారినా ఆ గిన్నెలోనే ఉంటుంది. ఈ శనివారం ఉదయం బేగంబజార్ వెళ్దాం, ఎండ ముదరకముందే గిన్నెల దుకాణాలు చూసి, కారం నీ ముందే పట్టిద్దాం. నువ్వు మొజంజాహీ మార్కెట్ గడియారం దగ్గర తొమ్మిదిన్నరకు ఉండు, అమ్మగారిని కూడా తీసుకురా, కుక్కర్ ఎంపికలో ఆవిడ మాటే నెగ్గాలి.

ఇట్లు,
నీ ప్రియమిత్రుడు