పాత కారును మార్చుకోవచ్చు, మార్పును దాచకూడదు

సంపాదకులకు,

ఆర్యా,

మీ పత్రిక ఆదివారం సంచికలో పాత కార్ల పునరుద్ధరణ గురించి ఇటీవల వచ్చిన వ్యాసాన్ని ఆసక్తితో చదివాను. దానితో పాటు వేసిన ఛాయాచిత్రంలోని 1960ల నాటి ఫియట్ 1100 చూడముచ్చటగా ఉంది. అయితే ఈ కాలపు మారుతీ ఇంజిను, ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, పవర్ స్టీరింగు, ఏసీ అమర్చిన ఆ కారు, కంపెనీ గేటు దాటిన నాటి రూపానికి తిరిగి వచ్చిందని వ్యాసకర్త రాయడం సరికాదు. యజమానిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన కారు, ఆయన డబ్బు, ఆయన ముచ్చట. పైగా పనివాడితనంలో వంక పెట్టడానికేమీ లేదు. కాకపోతే పాఠకుడు చూస్తున్నది పునరుద్ధరించిన కారునా, మార్చుకున్న కారునా అన్నది అతనికి తెలియాలి. ఆ తేడా చెరిగిపోతే రేపు ఆ కారు కొనేవాడూ, ఎల్లుండి మన మోటారు చరిత్ర రాసేవాడూ మోసపోతారు.

పాత కార్ల మీద మమకారం ఉన్నవాళ్లలో ఈ విషయంలో రెండు పక్షాలున్నాయి. మొదటి పక్షం వారికి రేడియేటర్ గొట్టాన్ని బిగించే క్లిప్పు సైతం ఆనాటిదే కావాలి. హెడ్‌లైటు అద్దం మీద వేరే తయారీదారు పేరు కనిపిస్తే ఆ కారు వంక మళ్లీ చూడరు. కారు పుట్టిందే రోడ్డు మీద తిరగడానికి కాబట్టి, మే నెల ఎండలో విజయవాడ నుంచి రాజమహేంద్రవరం దాకా ఇంటిల్లిపాదితో వెళ్లిరాలేని బండిని షెడ్డులో పెట్టుకుని ఏం చేసుకుంటామని రెండో పక్షం వారు అడుగుతారు. చాలాకాలంగా ఒక ఫియట్‌నూ ఒక అంబాసిడర్‌నూ నడుపుతున్న నాకు ఇద్దరి మాటలోనూ సబబు కనిపిస్తుంది. కానీ చేసిన మార్పును రేపు మరొకరు వెనక్కి తీసుకోగలరా, అసలు ఆ మార్పు జరిగినట్టు ఎక్కడైనా రాసి ఉందా అని ఇరుపక్షాల్లో ఎవరూ అడగరు. నా దృష్టిలో తేల్చుకోవలసింది ఇదే.

ఏ మార్పూ లేకుండా పాత కారును నడపడం ఈ రోజుల్లో ఎలాగూ కుదరదు. మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ఆగిపోయింది. అంబాసిడర్ పాత పెట్రోలు ఇంజినుకు ఉన్నది పోతయినుప హెడ్డు (సిలిండర్ల పైన వాల్వులుండే మూత). పెట్రోలులోని సీసమే ఎగ్జాస్ట్ వాల్వు కూర్చునే సీటును అరిగిపోకుండా కాపాడేది. ఆ రక్షణ పోయాక, హెడ్డు విప్పినప్పుడు గట్టి ఉక్కు సీట్లు వేయించుకోవడమే మేలు. ఆ పని లేత్ షాపులో జరిగేదే, బయటికి కనిపించదు కూడా. ఇప్పుడు దానికి ఇథనాల్ తోడైంది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు బంకుల్లో మామూలైపోయిన ఈ రోజుల్లో, ఆ కాలపు రబ్బరు గొట్టాలు, పెట్రోలు పంపులోని డయాఫ్రం, కార్బురేటర్ వాషర్లు ఉబ్బి, మెత్తబడి, చివరికి చిట్లిపోతాయి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి కదలని కారులో ట్యాంకు లోపలినుంచి తుప్పు పడుతుంది. ఆనాటి గొట్టమే ఉండాలని పట్టుబట్టే యజమాని, వేడెక్కిన ఇంజిను మీద పెట్రోలు కారే ప్రమాదాన్ని కొనితెచ్చుకుంటున్నాడు. దీన్ని నిష్ఠ అనడానికి నాకు మనసొప్పదు.

ఇలాంటి మార్పులను ఎవరూ కాదనకూడదు. బ్యాటరీని ఛార్జి చేసే డైనమో తీసి ఈ కాలపు ఆల్టర్నేటర్ బిగించడం, డాష్‌బోర్డు కింద ఏసీ తగిలించడం, సీటు బెల్టులు పెట్టించడం, అదనపు ఫ్యాను వేయించడం వంటివన్నీ నాలుగు బోల్టులు విప్పితే వెనక్కి వచ్చే పనులే. తీసిన డైనమోను నూనె పూసి, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టి ఉంటే చాలు. స్టీరింగ్ పక్కనున్న హ్యాండ్ గేరును తీసేసి కింద గేరు పెట్టడానికి ఫ్లోర్ రేకును గ్యాస్‌తో కోయడం వేరు. పెద్ద ఇంజిను పట్టడం కోసం ఇంజినును మోసే ముందు అడ్డదూలాన్ని (క్రాస్ మెంబరును) నరకడమూ అంతే. ఆ మొదటి కోతతో దారి మూసుకుపోతుంది. రేపు ఎంత డబ్బు పోసినా దొరికేది అతుకు వేసిన కారే.

రంగు సంగతిని మనవాళ్లు ఇంకా గుర్తించడం లేదు. పాత ఫియట్ దొరికిందంటే ముందు చేసే పని గీకుడే. రేకు కనిపించేదాకా గీకి, పుట్టీ పెట్టి, అద్దంలా మెరిసే పీయూ (పాలీయురిథేన్) పెయింటు కొట్టిస్తారు. ఆ కార్లు కంపెనీ నుంచి అంత మెరుపుతో ఎప్పుడూ రాలేదు. ఆనాటి డూకో పెయింటుకు కొంచెం పాలిపోయినట్టుండే నిగారింపు ఉండేది, పాలిష్ పెడితేనే తేరుకునేది. డోరు లోపలి అంచుల్లోనో, డికీ మూత కిందో కంపెనీ వేసిన పొర మిగిలి ఉంటే, ఆ కారు మొదటి రంగు ఏమిటో, ఏ పొర మీద ఏ పొర పడిందో చెప్పగల సాక్ష్యం అదొక్కటే. దాన్ని గీకేయడం, గుడి స్తంభాల మీది శిల్పాలకు ఇసుక పిచికారీ పట్టించి నునుపు చేయడం లాంటిది. ప్రదర్శనల్లో బహుమతులు మెరుపును చూసి ఇచ్చినన్నాళ్లూ ఇది ఆగదని నా అనుమానం. అక్కడక్కడ రంగు వెలిసినా, సీటు గుడ్డ చిరిగినా, ఎవరూ విప్పని కారుకు మన నిర్ణేతలు ఇంకా తగిన విలువ ఇవ్వడం లేదు.

కారు పుట్టిన రోజునాటి స్థితే దాని అసలు స్థితి అనుకోవడం కూడా తొందరపాటే. మన ప్రాంతంలో పెట్రోలు ఖర్చు తాళలేక ఎన్నో అంబాసిడర్లకు డీజిల్ ఇంజిన్లు వేయించారు. పెళ్లిళ్లకూ తీర్థయాత్రలకూ అద్దెకు తిరిగినవి అవే. విడిభాగం కావాలంటే నెలలు వేచి ఉండాల్సిన లైసెన్సుల కాలంలో, దొరికిన భాగాన్ని లేత్ మీద తిప్పి పట్టేలా చేసిన విజయవాడ ఆటోనగర్ పనివాళ్ల చేతిముద్ర వాటి మీద ఉంది. అలాంటి ఒక అంబాసిడర్‌కు ఆ డీజిల్ ఇంజిను తీసి, ఎక్కడో తుక్కులో దొరికిన 1489 సీసీ పెట్రోలు ఇంజిను బిగించి "ఒరిజినల్" చేశామంటే, ఆ కారు గడిపిన జీవితంలో సగానికి పైగా తుడిచేసినట్టే. ఆర్సీలో నమోదై, దశాబ్దాల పాటు సాగిన మార్పు అయితే దాన్ని అలాగే ఉంచడం మేలని నా అభిప్రాయం. నిన్న మొన్న సరదాకు చేసిన మార్పుకు ఆ గౌరవం ఇవ్వలేం.

ఇది నా సొంత తర్కమేమీ కాదు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య అయిన ఫివా రూపొందించిన టురిన్ చార్టర్ కూడా, వాహనం మామూలుగా వాడుకలో ఉన్న కాలంలో జరిగిన మార్పులను దాని చరిత్రలో భాగంగానే చూడమంటుంది. ఈనాడు తప్పనిసరై చేసే మార్పులు తక్కువగా ఉండాలనీ, తీసిన భాగాలను దాచి ఉంచాలనీ సూచిస్తుంది. పాత కార్లలో ఇంజిను తీసి బ్యాటరీ, మోటారు పెట్టే పద్ధతి యూరప్‌లో ఊపందుకున్నప్పుడు, అలా మారిన వాహనాన్ని చారిత్రక వాహనంగా గుర్తించలేమని అదే సంస్థ 2019లో స్పష్టం చేసింది. మార్చుకునేవారు మార్చుకోండి గానీ, తిరిగి అమర్చడానికి వీలుగా అసలు భాగాలన్నీ గుర్తులు పెట్టి భద్రపరచండి అని కూడా చెప్పింది. ఈ రెండో మాట నాకు మరీ నచ్చింది.

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న పసుపుపచ్చని రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను చాలామంది పాఠకులు చూసే ఉంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం తలపెట్టిన కారు అది. 1911లో ఆయన కన్నుమూయడంతో ఏడో నిజాం కాలంలో హైదరాబాదు చేరింది. ఆ రోజుల్లో రోల్స్ రాయిస్ కంపెనీ అమ్మేది ఇంజినుతో కూడిన కింది చట్రాన్ని, అంటే ఛాసిస్‌ను మాత్రమే. దాని మీద బాడీ కట్టేది వేరే సంస్థ, అదీ కొనేవారి అభిరుచిని బట్టి. వెనక సింహాసనంలా ఎత్తుగా కట్టిన ఆ ఆసనం ఏ కేటలాగులోనూ ఉండదు. అంటే ఆ నగరంలో అన్నిటికన్నా జాగ్రత్తగా కాపాడుకోవలసిన కారు, మొదటినుంచీ ఒక యజమాని సొంత ముచ్చటే. కాబట్టి వ్యక్తిగత అభిరుచి అన్నదే పాత కారుకు పడదని వాదించేవారు ఈ కారు ముందు ఒకసారి నిలబడాలి.

కారులో ఎంత భాగం మారితే అది వేరే కారు అవుతుందన్న ప్రశ్న కోర్టుకు కూడా వెళ్లింది. 1929లోనూ 1930లోనూ ఫ్రాన్స్‌లోని లె మాన్స్ 24 గంటల కార్ల పందెం గెలిచిన బెంట్లీ స్పీడ్ సిక్స్ కారును "ఓల్డ్ నంబర్ వన్" అంటారు. తరువాతి సంవత్సరాల్లో పందేల కోసం దాని ఇంజిను మారింది, బాడీ మారింది, ఛాసిస్ మారింది. 1990లో దాన్ని భారీ మొత్తానికి కొనడానికి ఒప్పుకున్నవారు, ఇది ఆ కారే కాదంటూ డబ్బు కట్టడానికి నిరాకరించడంతో లండన్‌లో వ్యాజ్యం నడిచింది. 1929లో పరుగెత్తిన లోహంలో ఇప్పుడు మిగిలింది స్వల్పమేనని తెలిసినా, న్యాయమూర్తి ఆటన్ అది ఓల్డ్ నంబర్ వన్నేనని తీర్పు చెప్పారు. ఎక్కడా తెగిపోయి మళ్లీ మొదలవకుండా, ఒక్కొక్క మార్పుగా, ఒకే కారుగా దాని చరిత్ర సాగిందన్నది ఆయన చూసిన ఆధారం. ఏ సంవత్సరం ఏ భాగం మారిందో కాగితాల మీద లేకపోయి ఉంటే ఆ విక్రేత ఏమి చూపగలిగేవాడు?

కాగితాల మాట వచ్చింది కాబట్టి మన చట్టం గురించీ చెప్పాలి. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చి చెప్పింది. ఆ తరువాత 2021 జూలైలో కేంద్రం పాత వాహనాల కోసం ప్రత్యేక నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనాలు, కార్లు వింటేజ్ వాహనాలుగా నమోదు కావచ్చు; నంబరు పలక మీద రాష్ట్రం అక్షరాల తరువాత "వీఏ" అని ఉంటుంది. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, తరువాత మళ్లీ నమోదుకు 5,000 రూపాయలు రుసుము. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, ఇంధనానికి తప్ప రోజువారీ అవసరాలకు బయటికి తీయకూడదు. ఇవన్నీ బాగానే ఉన్నాయి. వాహనం అసలు రూపంలోనే ఉండాలనీ, ఛాసిస్‌లోగాని, బాడీలోగాని, ఇంజినులోగాని మార్పులతో కూడిన భారీ మరమ్మతు జరిగి ఉండకూడదనీ ఉన్న నిబంధనతోనే చిక్కు వస్తుంది.

కాకినాడలోనో విశాఖపట్నంలోనో ఉప్పుగాలికి తిరిగిన కారుకు ఫ్లోరు మొత్తం తుప్పు పట్టి, అదే కొలతతో అదే మందం రేకు కొట్టించి అతికిస్తే అది బాడీలో మార్పా, మరమ్మతా? సీసం లేని పెట్రోలు కోసం వాల్వు సీట్లు మార్చిన ఇంజిను అసలుదా, కాదా? పాత ఇంజిను బ్లాకు పగిలిపోయి అదే మోడల్‌ది మరొకటి వేస్తే, ఇంజిను నంబరు మారినందుకు ఆ కారు అర్హత పోవాలా? తనిఖీ చేసే అధికారి ఇష్టానికి వదిలేస్తే, ఒక జిల్లాలో చెల్లింది మరో జిల్లాలో చెల్లదు. దాని ఫలితంగా యజమానులు నిజాయితీగా చేసిన మరమ్మతును కూడా దాచిపెడతారు; బిల్లులు చింపేస్తారు. చరిత్రను కాపాడాలని తెచ్చిన నియమం దాన్ని చెరిపేయడానికే ప్రోత్సాహం అవుతుంది.

అందువల్ల ఉభయ తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలు ఈ నమోదు దరఖాస్తుతో పాటు మార్పుల పట్టిక ఒకటి అడగడం మంచిదని నా సూచన. ఏ భాగం ఎప్పుడు తీశారు, దాని స్థానంలో ఏది పెట్టారు, తీసింది యజమాని దగ్గర ఉందా లేదా, ఛాసిస్‌కు గాని బాడీకి గాని కోత పడిందా అన్నవి ఛాయాచిత్రాలతో సహా అందులో ఉండాలి. కోత పడని మార్పులకు అర్హత పోదని ముందే చెబితే ఎవరూ అబద్ధం రాయవలసిన పని ఉండదు. కోత పడినవాటిని మామూలు వాహనాలుగానే ఉంచాలి. వాటికి వింటేజ్ పలక ఇవ్వడం, చెడగొట్టకుండా కాపాడుకున్నవారికి అన్యాయం చేయడమే. ఇందుకు కేంద్ర నియమాల్లో సవరణ అవసరమైతే రాష్ట్రాలు రాసి పంపవచ్చు. పాత కార్ల సంఘాలు కూడా తమ ప్రదర్శనల్లో కారు పక్కన పెట్టే బోర్డు మీద మోడల్, సంవత్సరంతో పాటు ఇంజిను ఏదో, రంగు ఎప్పటిదో రాయించాలి. ఖర్చులేని పని ఇది.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. ఇకముందు పాత కారు బొమ్మ వేసినప్పుడు దాని కింద ఇంజిను, గేరుబాక్సు ఆ కారువేనా, మరో కారువా అన్నది ఒక్క వాక్యంలో చేర్చండి. మొన్నటి వ్యాసంలోని ఫియట్ యజమాని తీసేసిన 1089 సీసీ ఇంజిను ఇప్పుడెక్కడ ఉందో కనుక్కుని రాయగలిగితే, నాలాంటి పాఠకులు మరింత సంతోషిస్తారు.

భవదీయుడు,
ఒక పాత కార్ల యజమాని,
రాజమహేంద్రవరం