కొత్త కారు మీద పాత మరమ్మతు: ఆ కాగితం కొన్నవారికీ ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

శ్రావణం మొదలుకొని దీపావళి దాకా మన రెండు తెలుగు రాష్ట్రాల్లో కార్ల షోరూంలకు తీరిక ఉండదు. ముహూర్తం చూసుకుని డెలివరీ తీసుకోవడం, బానెట్ మీద దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ఇంటిల్లిపాదీ ఫొటో దిగడం మనకు ఆనవాయితీ. ఆ సందడిలో కారు చుట్టూ తిరిగి రంగు చూసేవారు తక్కువ. చూసినా షోరూం దీపాల కింద తేడా సులువుగా దొరకదు. మర్నాడు ఇంటి ముందు ఎండలో నిలిపినప్పుడు ఒక తలుపు పక్క తలుపుతో కలవడం లేదని తెలుస్తుంది. మోటారు బీమా సర్వేయరుగా దెబ్బతిన్న బళ్లను పరిశీలించడమే వృత్తిగా బతికి రిటైరైనవాడిని కనుక, అమ్మకముందే దెబ్బతగిలి మళ్లీ రంగు వేసిన కారును ఆ సంగతి చెప్పకుండా కొత్తదిగా ఇవ్వడం గురించి నాలుగు మాటలు చెప్పే అర్హత ఉందనుకుని ఈ లేఖ రాస్తున్నాను.

మా మేనల్లుడు ఇటీవల రాజమహేంద్రవరంలో ముదురు బూడిద రంగు మెటాలిక్ కారు కొన్నాడు. కుడివైపు వెనక తలుపును ఎదురుగా నిలబడి చూస్తే ఏమీ లేదు కానీ, డిక్కీ వైపు నుంచి ఏటవాలుగా చూస్తే ముందు తలుపు కంటే ఒక పిసరు నల్లగా ఉంది. తలుపు తెరిచి చూశాను. రబ్బరు బీడింగ్ అంచున రంగు తుంపర సన్నటి గీతలా పడి ఉంది, లోపలి మడత దగ్గర మాస్కింగ్ టేపు తీసిన అంచు గోటికి తగులుతోంది, కీలు బోల్టు తల మీద స్పానర్ పట్టిన చోట రంగు లేచిపోయి ఉంది. తెలిసినవారి దగ్గర రంగు పూత మందం కొలిచే మీటరు తెచ్చి పెట్టాం. మిగతా రేకులన్నీ 110 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చుట్టుపక్కల చూపిస్తే ఈ తలుపు ఒక్కటే 270 దాటింది. ఇంత చూపించినా షోరూంలో మొదట వచ్చిన సమాధానం “అది వెలుతురు తేడా సార్, మెటాలిక్ రంగులన్నీ అంతే” అని.

మెటాలిక్ రంగులు చూసే కోణాన్ని బట్టి మారడం నిజమే. అయితే ఆ కారణం చేతనే వాటి మీద మరమ్మతు చేస్తే దొరికిపోతుంది. ఆ రంగులో ఉండే సన్నటి అల్యూమినియం రేణువులు ఏ వైపుకు ఒరిగి ఆరాయన్నదాన్ని బట్టి వెలుగు తిరిగి వస్తుంది. రంగు చిమ్మే గన్ ఎంత దూరంలో పట్టారు, గాలి ఒత్తిడి ఎంత, థిన్నర్ ఎంత కలిపారు అన్న ప్రతిదీ ఆ ఒరుగును మారుస్తుంది. కర్మాగారంలో ఖాళీ రేకు బాడీని ద్రావణంలో ముంచి, విద్యుత్తుతో తొలి పూత పట్టించి, ఆపై ప్రైమరు, రంగు, చివరగా క్లియర్ కోట్ అనే పారదర్శక పూత యంత్రాలతో కొట్టి, సుమారు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు. వైర్లు, ప్లాస్టిక్కు, సీట్లు బిగించిన కారును అంత వేడిలో పెట్టలేరు కనుక సర్వీస్ సెంటరు బూత్‌లో గట్టిపరిచే ద్రవం కలిపిన వేరే రకం క్లియర్ కోట్ వాడి, 60 నుంచి 80 డిగ్రీల మధ్య ఆరబెడతారు. డబ్బా మీద రంగు కోడ్ ఒకటే అయినా పూత ఒకటి కాదు. చేయి తిరిగిన పెయింటరు తలుపు వరకే కొట్టి ఊరుకోడు. పక్క రేకుల మీదికి కూడా రంగును క్రమంగా పలచబరుస్తూ తీసుకెళ్లి, ఆ రేకులన్నిటికీ నిండుగా క్లియర్ వేస్తాడు. అప్పుడు కంటికి దొరకదు. మా మేనల్లుడి కారు విషయంలో ఆ పాటి శ్రమ కూడా పడలేదు.

డీలర్ల పక్షాన ఒక మాట కూడా చెప్పాలి. రంగు తేడా కనిపించిన ప్రతి కారుకూ మరమ్మతు జరిగిందనుకోకూడదు. బంపర్లు ప్లాస్టిక్‌వి, వాటికి చాలాసార్లు విడిగా, తక్కువ వేడిలో రంగు వేస్తారు; అందువల్ల ఫెండరుకూ (ముందు చక్రం పైని రేకుకూ) బంపరుకూ మధ్య సన్నటి తేడా కర్మాగారం నుంచి వచ్చేటప్పుడే ఉండవచ్చు. ముత్యపు తెలుపులో ఇది మరీ కనిపిస్తుంది. రేకుల మీద వాడే మామూలు మీటరు ప్లాస్టిక్ మీద పనిచేయదు కూడా. రెండు ఇనుప రేకుల మధ్య తేడా వచ్చి, మందం రెట్టింపుకు మించితే మాత్రం అక్కడ గన్ మళ్లీ తిరిగిందనే అర్థం.

అసలు మరమ్మతు ఎందుకు జరుగుతుంది? పెనుకొండ నుంచో, చెన్నై శివార్ల నుంచో, పుణె నుంచో, హరియాణా నుంచో కార్లు ట్రైలర్ల మీద వస్తాయి. ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు, స్టాక్ యార్డులో వెనక్కి తీసేటప్పుడు గీతలు, సొట్టలు పడటం ఆ వ్యాపారంలో మామూలే. దాన్ని నేను తప్పుపట్టను. కానీ బండి దింపుకునేటప్పుడు దెబ్బ ఉంటే ట్రైలరు డ్రైవరు సంతకంతో రసీదు మీద రాయించుకుంటారు, రవాణా బీమా కింద నష్టం కోరుకుంటారు, బాడీ షాపులో ఛాసిస్ నంబరు (ప్రతి కారుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) వేసి, చేసిన పని రాసే జాబ్ కార్డు తెరుస్తారు. అంటే ఆ తలుపుకు ఏం జరిగిందో రవాణా సంస్థకు తెలుసు, బీమా సంస్థకు తెలుసు, పెయింటరుకు తెలుసు. అప్పు చేసి లక్షలు పోసిన మనిషికి తప్ప అందరికీ తెలుసు. మేం ఆ జాబ్ కార్డు నకలు అడిగితే “అది మా అంతర్గత కాగితం” అన్నారు.

ఆ తర్వాత వచ్చిన ప్రతిపాదనలు కూడా పాఠకులకు తెలియాలి. మొదట పాలిష్ పెట్టిస్తామన్నారు. పిదప కుడివైపంతా ఉచితంగా మళ్లీ కొడతామన్నారు. బాగున్న కర్మాగారపు పూతను కూడా గీకించుకోవడానికి మా వాడు ఒప్పుకోలేదు. చివరికి షోరూంలోని ఒక సలహాదారు “మీ పాలసీలో క్లెయిమ్ పెట్టేద్దాం సార్, మీకు పైసా పడదు” అన్నాడు. నా ఉద్యోగ జీవితమంతా ఇలాంటి క్లెయిములను పట్టుకోవడంలోనే గడిచింది కనుక ఆ మాటకు నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. పాలసీ మొదలుకాకముందే తగిలిన దెబ్బకు క్లెయిమ్ పెట్టడం అబద్ధపు క్లెయిమ్. పైగా మొదటి ఏడాది క్లెయిమ్ లేకపోతే సొంత నష్టం ప్రీమియంలో (మన కారుకు జరిగే నష్టానికి కట్టే భాగంలో) వచ్చే 20 శాతం తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, పోతుంది. ఎవరికైనా ఇలాంటి సలహా వస్తే దయచేసి సంతకం పెట్టకండి.

ఈ విషయం మీద అమెరికాలో ఒక ప్రసిద్ధ వ్యాజ్యం నడిచింది. అలబామా రాష్ట్రంలో ఐరా గోర్ అనే వైద్యుడు 1990లో నలభై వేల డాలర్లు పైబడి పెట్టి కొత్త బీఎండబ్ల్యూ కారు కొన్నాడు. కొన్ని నెలలకు, కారును ఇంకాస్త మెరిపించమని ఒక దుకాణానికి తీసుకెళ్తే, దీనికి ముందే మళ్లీ రంగు వేశారని అక్కడివారు చెప్పారు. రవాణాలో పూత దెబ్బతింటే సంస్థ సుమారు 600 డాలర్ల ఖర్చుతో మళ్లీ వేయించింది. మరమ్మతు ఖర్చు ధరలో 3 శాతం దాటకపోతే డీలరుకు కూడా చెప్పనవసరం లేదన్నది ఆ సంస్థ విధానం. జూరీ (తీర్పు చెప్పే పౌరుల బృందం) కారు విలువ తగ్గినందుకు 4,000 డాలర్లు, శిక్షగా 40 లక్షల డాలర్లు విధించింది. రాష్ట్ర సుప్రీంకోర్టు శిక్ష సొమ్మును 20 లక్షలకు తగ్గించగా, 1996లో అమెరికా సుప్రీంకోర్టు అది కూడా మితిమీరినదేనని కొట్టివేసింది. తిరిగి విచారించాక 50,000 డాలర్ల దగ్గర ఆగింది. న్యాయశాస్త్ర విద్యార్థులు ఆ తగ్గింపు కోసం ఈ తీర్పు చదువుతారు. నాకు అందులో ముఖ్యంగా తోచింది వేరు: జూరీ తీర్పు వచ్చిన వెంటనే, ఎంత చిన్న మరమ్మతైనా వెల్లడించాలని ఆ సంస్థ తన విధానాన్ని మార్చుకుంది.

మన దగ్గర 2019 వినియోగదారుల రక్షణ చట్టం వస్తువు నాణ్యత, ప్రమాణం గురించి తెలుసుకోవడాన్ని హక్కుగా గుర్తించింది. చెల్లించిన ధర 50 లక్షల రూపాయలు దాటకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, అదీ కొనుగోలుదారు నివసించే జిల్లాలోనే, రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. పది లక్షల నుంచి ఇరవై లక్షల మధ్య ధరకు రుసుము 400 రూపాయలే, వకీలు తప్పనిసరి కాదు. అంతకుముందే 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించుకోవచ్చు. అయితే ఎవరిని బాధ్యుల్ని చేయాలన్నది జాగ్రత్తగా చూసుకోవాలి. గోవాలో 2009 నాటి కారును 2011లో కొత్తదిగా అమ్మిన కేసులో, డీలరు చేసిన పని తయారీదారుకు తెలుసని రుజువు కానప్పుడు తయారీదారును బాధ్యుణ్ని చేయలేమని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో చెప్పింది. దెబ్బ దారిలో తగిలిందా, యార్డులో తగిలిందా అన్నది తేల్చే కాగితమేమో డీలరు బీరువాలో ఉంటుంది. కొన్నవారు దేనితో రుజువు చేయాలి?

అందుకే పాఠకులకు నా మనవి: పూర్తి సొమ్ము కట్టకముందు, రిజిస్ట్రేషన్‌కు కాగితాలు వెళ్లకముందు, మీకు కేటాయించిన ఛాసిస్ నంబరు కారును కడిగించి, పగటి ఎండలో, యార్డులోనే చూడండి. ఒకసారి మీ పేర లైఫ్ ట్యాక్స్ కట్టేశాక కారు మార్చమని అడిగితే, ఆ పన్ను ఎవరు భరించాలన్న దగ్గరే మాట ఆగిపోతుంది. తేడా కనిపిస్తే ఫోన్లో వాదించకుండా మీటరు అంకెలు కనిపించేలా ఫొటోలు తీసి ఈమెయిల్ పంపండి.

ఇక రెండు రాష్ట్రాల రవాణా శాఖలకు, పౌరసరఫరాలు, వినియోగదారుల వ్యవహారాల శాఖలకు విన్నపం. కొత్త కారు ఇన్వాయిస్‌తో పాటు, ఆ ఛాసిస్ నంబరు మీద డెలివరీకి ముందు ఏ రేకుకు ఏ మరమ్మతు చేశారో, ఏమీ చేయకపోతే చేయలేదనో, డీలరు సంతకంతో ఒక పత్రం ఇవ్వడాన్ని తప్పనిసరి చేయండి. జాబ్ కార్డులు ఎలాగూ కంప్యూటర్లో ఉంటాయి కనుక ఇందుకు డీలర్ల మీద పడే భారం ఒక ప్రింటు మాత్రమే. తలుపుకు రంగు వేసిన సంగతి ముందే చెప్పి, ధరలో కొంత తగ్గించి ఇస్తామంటే ఆ కారును సంతోషంగా తీసుకునేవారు చాలామందే ఉంటారు. మా మేనల్లుడు కూడా తీసుకునేవాడినే అంటున్నాడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ మోటారు బీమా సర్వేయరు,
రాజమహేంద్రవరం.