ఉప్పాడ తీరానికి ప్రతి ఏటా రాళ్లేనా?

సంపాదకులకు,

మాది కాకినాడ పక్కన ఉప్పాడ. మా అమ్మమ్మ వాళ్ల ఇల్లు ఉన్న చోట ఇప్పుడు అలలు కొడుతున్నాయి. తుపాను పడిన ప్రతిసారీ కాకినాడ బీచ్ రోడ్డు తెగడం, టీవీల వాళ్లు రావడం, తర్వాత లారీల్లో రాళ్లు తెచ్చి పోయడం, ఇదంతా మాకు సంక్రాంతి లాగా ఏటా వచ్చే తంతు అయిపోయింది. జియో ట్యూబ్ గోడ అన్నారు, అంటే ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాల గోడ, అదీ చిరిగిపోయింది.

సముద్రం వేడెక్కి మట్టం పెరుగుతోంది, తుపాన్ల బలమూ పెరుగుతోంది, నిజమే. కానీ గోదావరి మీద ఎగువన వరసగా కట్టిన డ్యాముల్లోనే ఒండ్రు ఆగిపోతే తీరానికి ఇసుక ఎక్కడి నుంచి వస్తుంది? తప్పంతా వాతావరణం మీదికి తోసేస్తే ఎలా?

మా చిన్నాన్నది ఫైబర్ బోటు. ఒడ్డు దగ్గర చేప పడక ఇంకా లోపలికి పోతున్నాడు, డీజిల్ డబ్బులు కూడా రాని రోజులే ఎక్కువ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఎలాగూ వేట నిషేధం. ఇప్పుడు తుపాను హెచ్చరికలకు పోయే రోజులు దానికి అదనం. ఆ హెచ్చరిక రోజులకు పైసా పరిహారం లేదు, వడ్డీ మాత్రం ఆగదు.

వల ఆరేసుకోవడానికి కూడా ఇసుక మిగల్లేదండీ, రాళ్ల మీద వేస్తే చిరుగుతోంది. ఇళ్లు పోయినవాళ్లకు స్థలం ఇస్తే ఒడ్డుకు దగ్గర్లోనే ఇవ్వండి. ఊరికి అవతల ఇస్తే బోటుకు కాపలా ఎవరుంటారు?

- ఒక మత్స్యకార కుటుంబీకుడు, ఉప్పాడ