వీలాన్ వేసినంతలో గోడ కట్టినట్టు కాదు

సంపాదకుల వారికి,

వీలాన్ అంటే ఒకే స్విచ్‌లోని పోర్టులను విడివిడి నెట్‌వర్క్‌లుగా విడదీసే ఏర్పాటు. రొయ్యల ప్లాంట్లలో, కాలేజీల్లో నెట్‌వర్క్ బిగించేవాళ్లు తరచూ అనే మాట: "కెమెరాలకో వీలాన్, అకౌంట్స్‌కో వీలాన్ వేశామండీ, ఇందులోంచి అందులోకి ఎవరూ రాలేరు." ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకోదానికి దారి చూపని లేయర్-2 స్విచ్ వరకు అది నిజమే. ఆ దారి చూపే పని, అంటే రూటింగ్, చేయగల లేయర్-3 స్విచ్‌లో దాన్ని ఆన్ చేసి రెండు వీలాన్లకూ ఐపీ అడ్రస్ ఇచ్చారంటే రెండూ ఒకే రూటింగ్ టేబుల్లోకి (ఏ అడ్రస్‌కి ఎటు పోవాలో చెప్పే పట్టికలోకి) చేరినట్టే. ఎవరు ఎక్కడికి పోవచ్చో చెప్పే యాక్సెస్ లిస్ట్ లేకపోతే, గేటు దగ్గర కెమెరా వైరు పీకి ల్యాప్‌టాప్‌కి పెట్టుకున్నవాడికి బిల్లింగ్ సర్వర్ అందుతుంది.

దీనికి మందు వీఆర్‌ఎఫ్, అంటే ఒకే స్విచ్‌లో వేర్వేరు రూటింగ్ టేబుళ్లు. ప్యాకెట్ ఏ ఇంటర్‌ఫేస్‌లోంచి లోపలికొచ్చిందో దాన్నిబట్టి వీఆర్‌ఎఫ్ తేలుతుంది. ఆ వీఆర్‌ఎఫ్ నంబరునూ గమ్యం అడ్రస్‌నూ కలిపి చిప్ వెతుకుతుంది. అందుకే రెండు వీఆర్‌ఎఫ్‌లలోనూ 192.168.1.0/24 అనే ఒకే అడ్రస్‌ల వరుస ఉన్నా పేచీ రాదు.

ఆ నంబరు స్విచ్ లోపలిదే, ప్యాకెట్ మీద రాసి ఉండదు. అందుకని పక్క స్విచ్‌కి వెళ్లే ట్రంక్ (చాలా వీలాన్లను మోసే లింకు) మీద ఒక్కో వీఆర్‌ఎఫ్‌కి ఒక్కో వీలాన్ ఇచ్చి, అవతలా అదే వీఆర్‌ఎఫ్‌లో కట్టాలి. కోనసీమలో పి.గన్నవరం అక్విడెక్టు (కాలువను మోసే వంతెన) మీద కాలువ గోదావరి పాయ వైనతేయను దాటేది ఇలాగే: కింద నది, పైన కాలువ, చుక్క కలవదు.

సిస్కో స్విచ్‌లో ముందు వీఆర్‌ఎఫ్ సృష్టించి, ఐపీవీ4 అడ్రస్ ఫ్యామిలీ ఇచ్చి (అందులో ఏ రకం అడ్రస్‌లు వాడతామో చెప్పి), తర్వాత వీలాన్ ఇంటర్‌ఫేస్‌ను అందులో చేర్చాలి. చేర్చగానే ఆ ఇంటర్‌ఫేస్ ఐపీ అడ్రస్ ఎగిరిపోతుంది, మళ్లీ ఇవ్వాలి. అదే అడ్రస్ మీదుగా రిమోట్‌లో లాగిన్ అయి ఈ పని మొదలెట్టినవాడు స్విచ్‌కి నేరుగా తగిలించే కన్సోల్ కేబుల్ పట్టుకుని ప్లాంటుకు రావాల్సిందే. డిఫాల్ట్ రూట్ (వేరే దారి లేనివన్నీ పోయే దారి) ఏ టేబుల్‌కి ఆ టేబుల్‌కే ఇవ్వాలి. అవతలి యంత్రం జవాబిస్తుందా అని చూసే పింగ్‌కి వీఆర్‌ఎఫ్ పేరు చేర్చకపోతే అది ఏ వీఆర్‌ఎఫ్‌కీ చెందని గ్లోబల్ టేబుల్‌నే చూస్తుంది; "లింకు పోయింది" అన్న ఫిర్యాదుల్లో కొన్ని ఈ పొరపాటే.

మేనేజరు గారు తన గదిలోంచి కెమెరాలు చూడాలంటే రూట్ లీకింగ్, అంటే ఒక టేబుల్లోని రూటును ఇంకో టేబుల్‌కి ఇవ్వడం, కావాలి. మొత్తం /24 (కెమెరాల నెట్‌వర్క్ అంతా) కాకుండా కెమెరాల రికార్డర్ ఒక్కదాని /32 (ఒకే అడ్రస్) రూటు ఇస్తే చాలు. తిరుగు రూటు మరిచిపోతే అడిగింది వెళ్తుంది, జవాబు రాదు. రెండు వైపులా ఒకే అడ్రస్‌లు వాడి ఉంటే దారిలో అడ్రస్‌లు మార్చే నాట్ లేకుండా ఇది కుదరదు.

కొన్ని చవక లేయర్-3 మోడళ్లలో వీఆర్‌ఎఫ్ అసలు ఉండదు, కొనేముందే డేటాషీట్ చూసుకోవాలి. పని అయ్యాక ఆఖరి బిల్లు చెల్లించేముందు కెమెరా వీఆర్‌ఎఫ్ రూటింగ్ టేబుల్‌ను తెరిపించి, అకౌంట్స్ నెట్‌వర్క్ లైను అందులో లేదని చూడండి. పింగ్ రాలేదని నమ్మేయకండి, అది విండోస్ ఫైర్‌వాల్ పని కావచ్చు. రెండు వీఆర్‌ఎఫ్‌ల డిఫాల్ట్ రూట్లూ ఒకే ఇంటర్నెట్ రూటర్‌కి పోతుంటే ఆ రూటర్‌నూ తెరిపించండి. అక్కడ అడ్డు పెట్టకపోతే స్విచ్‌లో విడదీసినవి అక్కడ కలుస్తాయి.

ఇట్లు,
ఒక నెట్‌వర్క్ ఇంజినీరు, భీమవరం