నిలకడ లేనిది ఎవరికి?

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలోని డాలస్ మావెరిక్స్ బాస్కెట్‌బాల్ జట్టుకు ఆటగాళ్లను ఎంచే జనరల్ మేనేజర్ నికో హారిసన్‌ను తీసేశారన్న వార్త మీ క్రీడా పేజీలో చూశాను. చివర్లో ‘అభిమానులకు నిలకడ లేదు’ అని ఒక ముక్క తగిలించారు. అక్కడే నాకు పేచీ.

నేను రిటైరైన లెక్కల మాస్టారిని, మాది తెనాలి. 2024 డిసెంబరు నుంచి ఆరు నెలలు డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో మా అబ్బాయి దగ్గరున్నాం. ఈ ఆట నాకు నేర్పింది పదేళ్ల మనవడు. ఆ జట్టు స్టార్ ఆటగాడు లూకా డాన్చిచ్ 77 నంబరు జెర్సీ ఒంటి మీద నుంచి తీసేవాడు కాదు. ఉతకడానికి ఇవ్వమని మా ఆవిడ రోజూ వాడితో గొడవ.

2021లో హారిసన్ వచ్చినప్పుడు ‘బూట్ల కంపెనీవాడికి జట్టు అప్పజెప్పారేంటి’ అనుకున్నారట. నైకీలో చాలా ఏళ్లు చేసిన మనిషి లెండి. మరుసటి ఏడు కాన్ఫరెన్స్ ఫైనల్, అంటే సెమీస్ లాంటిది, ఆడేసరికి ఆ మాట తగ్గింది. ఆ వేసవిలోనే బ్రన్సన్ అనే మంచి ఆటగాడు చేజారి న్యూయార్క్ జట్టుకు పోయాడు, మళ్లీ తిట్లు. 2024 ఫిబ్రవరిలో గాఫర్డ్, పీజే వాషింగ్టన్ అనే ఆటగాళ్లను తెచ్చాక జట్టు జూన్‌లో ఫైనల్ ఆడింది. ఓడినా సరే, ‘నికో హస్తవాసి మంచిది నాన్నా’ అని మా అబ్బాయి ఫోన్లో మురిసిపోయాడు.

ఇందులో నిలకడ లేనిదేముంది? జవాబుపత్రం చూసేకదా మార్కులు వేస్తాం. సన్‌రైజర్స్ కమిన్స్‌కు 20.5 కోట్లు పెట్టినప్పుడు బూడిదలో పోసిన పన్నీరే అన్నాను. అయిదు నెలల్లో ఫైనల్ చేరారు, నా మాట వెనక్కి తీసుకున్నాను. పరువేం పోలేదు.

2025 ఫిబ్రవరి 1 రాత్రి జరిగింది మాత్రం వేరు. పదకొండు దాటాక మా అబ్బాయి ఫోన్ చూసి, వార్త పెట్టినాయన అకౌంట్ ఎవరో హ్యాక్ చేశారన్నాడు. పాతికేళ్ల లూకాను లాస్ ఏంజెలెస్ లేకర్స్ జట్టుకు ఇచ్చేసి, ముప్పై దాటిన ఆంథనీ డేవిస్‌ను తెచ్చుకున్నారు. లూకాకే ముందు తెలియదు! మర్నాడు ఆదివారం, హనుమంతుడి గుడిలో ప్రసాదం లైన్లో మనవాళ్ల నోట కూడా ఇదే మాట. స్టేడియం బయట జట్టు పాత దిగ్గజం డిర్క్ నోవిట్స్కీ విగ్రహం దగ్గర అభిమానులు శవపేటికే పెట్టారు. మనవడు ఏడవలేదు. ఆ జెర్సీని తనంతట తనే తెచ్చి వాషింగ్ మెషిన్లో పడేశాడు.

డేవిస్ మొదటి మ్యాచ్‌లోనే గాయపడ్డాడు, మార్చిలో జట్టులో మరో స్టార్ కైరీ అర్వింగ్ మోకాలు పోయింది. వాటికి హారిసన్‌ను తప్పుపట్టను. మేలో, కొత్త కుర్రాళ్లను ఎవరు ముందు ఎంచుకోవాలో తేల్చే లాటరీ తగిలి, కూపర్ ఫ్లాగ్ అనే కుర్రాణ్ణి తీసుకునే వీలు వచ్చేసరికి కొందరు కాస్త మెత్తబడ్డారు కూడా. కానీ ఆ అవకాశం 1.8 శాతం. అంటే వెయ్యింట పద్దెనిమిది. అది అదృష్టమే గానీ మేనేజర్ తెలివి కాదని లెక్కలు వచ్చినవాళ్లెవరైనా చెప్తారు. ఆ తర్వాతి సీజన్‌లో 11 మ్యాచుల్లో 8 ఓడాక, నవంబరు 11న ఆయన్ను పంపించేశారు.

ఓడితే తిట్టి, గెలిస్తే పొగిడే ఆ జనంలో చాలామంది లూకా విషయంలో తొమ్మిది నెలలూ మాట మార్చలేదు. దాన్ని మీరేమంటారు?

మొన్న వీడియో కాల్‌లో మనవణ్ణి అడిగాను, నికో పోయాడుగా, సంతోషమేనా అని. ఒంటి మీద ఫ్లాగ్ 32 నంబరు కొత్త జెర్సీ ఉంది.

‘అయితే లూకా వస్తాడా తాతయ్యా?’ అన్నాడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు, తెనాలి